ఇంటి ముందరి కొండలు

(మన సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)

 

కార్యదర్శిగారు నన్ను ఒక పావుగంట మాట్లాడమన్నప్పుడు కొంచెం జంకాను. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఈ వేదికమీద ప్రతి సంవత్సరమూ పోతనగారిని గురించీ, రాయలవారిని గురించీ చదువుకున్నవారు చక్కగా చెబుతున్నారు. వారి దారిలో నేను నడవలేను. నాకు తెలిసిన దారులు ఈ కురుగోడు చుట్టూ ఉన్న కొండదారులు. వాటిని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నా ఉద్యోగం టిక్కెట్ల కిటికీ వెనుక. ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాడికి జనం మనస్సు కొంత తెలుస్తుంది. సంక్రాంతికి రెండు నెలల ముందే మనవారు వరుసకట్టి నిలబడతారు. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరుకు నాలుగు, విజయవాడకు మూడు, భీమవరానికి ఐదు అంటారు. ఎండాకాలం సెలవులు రాగానే తిరుపతి అంటారు, ఊటీ అంటారు. చోటు లేదంటే "ఎట్లాగైనా చూడు నాయనా" అని బతిమాలుతారు. ఇదంతా బాగానే ఉంది. కన్నవారి ఊరు చూడాలని ఎవరికి ఉండదు? కాని ఇన్నేళ్ళలో "కుడితినికి నాలుగు టిక్కెట్లు ఇవ్వండి, పిల్లలకు బూదిదిబ్బ చూపించి వస్తాము" అని అడిగిన తెలుగు కుటుంబాన్ని నేను ఒక్కదాన్నీ చూడలేదు. కుడితిని ఎంత దూరమని? బళ్ళారి నుండి హోస్పేట పోయే దారిలో దగ్గరి స్టేషనే.

మనం ఇక్కడికి ఎట్లా వచ్చామో పెద్దలకు తెలుసు. పిల్లల కొరకు చెబుతున్నాను. తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది. 1953లో కాలువలకు నీరు వదిలారు. అప్పటినుండి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడి కొద్దిపాటి పొలం అమ్ముకొని, ఆ డబ్బుతో ఇక్కడ ఎక్కువ భూమి కొనుక్కొని, సిరుగుప్ప, గంగావతి, కంప్లి ప్రాంతాలలో దిగారు. దిగినచోట గుడిసెలు వేసుకొని దానికి క్యాంపు అని పేరు పెట్టుకున్నారు. క్యాంపు అంటే నాలుగు రోజులుండి లేచిపోయే మకాం. ఇప్పుడు అక్కడ మేడలున్నాయి, గుళ్ళున్నాయి, నాలుగో తరం పిల్లలు ఆడుకుంటున్నారు. పేరు మాత్రం ఇంకా క్యాంపే. మా తాతగారు కూడా అట్లా వచ్చినవారే. నేను పుట్టింది ఈ నేలమీదనే.

మొన్న ఒకనాడు బడిలో మా పెద్దమ్మాయిని "మా ఊరు" అనే విషయం మీద ఒక పేజీ వ్రాయమన్నారు. దానికి తొమ్మిదేళ్ళు. అది మా తాతగారు పుట్టిన ఊరు పేరు వ్రాసింది. ఆ ఊరు అది రెండుసార్లు చూసింది, రెండుసార్లూ పెళ్ళిళ్ళకే. అక్కడ చెరువు ఎటువైపు ఉందో దానికి తెలియదు. అందుచేత మూడు వాక్యాల దగ్గర కలం ఆగిపోయింది. "పోనీ కురుగోడును గురించి వ్రాయమ్మా" అన్నాను. "కురుగోడులో ఏముంది నాన్నా, బండలే కదా" అన్నది. అది తన సొంత మాట కాదు. మనం ఇంట్లో రోజూ అనుకునే మాటనే అది అప్పగించింది. ఆ ఊరు తెలియక, ఈ ఊరు తెలియక పెరిగే పిల్ల రేపు ఏ ఊరి మనిషి అవుతుంది? నేను ఇవ్వాళ మీ ముందు నిలబడటానికి కారణం ఆ ప్రశ్నే.

ముందుగా ఆ బండల సంగతే చూద్దాము. కురుగోడు కొండలనిండా పెద్దపెద్ద గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉంటాయి. భీముడు పేర్చాడని కొందరు, రాక్షసులు విసిరారని కొందరు సరదాగా చెబుతారు. భూశాస్త్రజ్ఞులు చెప్పేది మరొక విధంగా ఉంది. ఈ నల్లరాయి, ఎర్రరాయి భూమి లోపల కరిగిన ద్రవం చల్లారి గట్టిపడి ఏర్పడినవి. ఇక్కడి గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గట్టిపడిన రాతిలో నిలువునా అడ్డంగా పగుళ్ళు పడ్డాయి. భూమిలోకి ఇంకిన నీరు ఆ పగుళ్ళ వెంట చేరి రాతి అంచులను మెల్లగా తినివేసింది. మూలలు అరిగి, నలుచదరపు రాయి గుండ్రని గుండు అయింది. తరువాత వానలకు చుట్టూ ఉన్న మెత్తని మట్టి కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. కనుక ఈ గుండ్లను ఎవరూ పైకి ఎత్తలేదు. అవి ఉన్నచోటనే ఉన్నాయి, నేల క్రిందికి దిగిపోయింది. ఈ మాట పిల్లలకు కొండమీద నిలబెట్టి చెప్పి చూడండి. ఇంట్లో కూర్చోబెట్టి చెబితే వినని పిల్లవాడు కూడా అక్కడ నోరు తెరుచుకొని వింటాడు.

ఊళ్ళో దొడ్డబసవేశ్వరుని గుడి అందరికీ తెలిసినదే. ఫాల్గుణంలో తేరు చూసి, మిఠాయి కొనుక్కొని ఇంటికి వస్తాము. రద్దీ లేని మరొకనాడు వెళ్ళి ఆ బసవన్నను తీరికగా చూడండి. అంత పెద్ద విగ్రహమూ ఒకే రాయి. పక్కన నిలబడితే మనిషి చిన్నవాడైపోతాడు. ఆ రాయిని మలచినవారికి కొండ ఎక్కడ చీలుతుందో, ఉలి ఎక్కడ నిలుస్తుందో ఎంత తెలిసి ఉండాలి!

ఊరి గొప్ప ఆ గుడితో ముగియదు. 12వ శతాబ్దంలో కురుగోడు ఒక రాజధాని. కళ్యాణ చాళుక్యులకు సామంతులైన సింద వంశపు రాజులు ఇక్కడనుండి బళ్ళకుందె నాడును పాలించారు. వారి శాసనాలు ఉన్నాయి. వారి కాలపు రాతి గుళ్ళు కొండ పంచన ఉన్నాయి. కొన్నిటికి గోపురం లేదు, కొన్నిటిలో దీపం లేదు. కాని ద్వారబంధాల మీది చెక్కడం, నునుపుగా తిప్పిన స్తంభాలు చూస్తే ఆనాటి పనివారి చేయి తెలుస్తుంది. బళ్ళారి జిల్లాలోని చాళుక్యుల గుళ్ళను గురించి అలెగ్జాండర్ రీ అనే పురావస్తు ఉద్యోగి 1896లోనే ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. అంత దూరంనుండి వచ్చినవాడు గుడి గుడికీ తిరిగి కొలతలు వేసుకున్నాడు. మనం ఆ గుళ్ళ పక్కనుండి రోజూ మోటారు సైకిలు మీద పోతూ తల తిప్పి చూడము.

గుళ్ళు చూశాక కొండ ఎక్కవచ్చు. పైన పాత కోట గోడలు శిథిలమై ఉన్నాయి. దారి చూపే బోర్డులు వెతకవద్దు. గొర్రెలు కాచేవారిని అడగండి. ఏ బండ జారుతుందో, ఏ దొనలో నీళ్ళు నిలుస్తాయో, ఏ గవిలోకి పోకూడదో వారికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. మీకు కన్నడం రాకపోయినా పరవాలేదు. ఈ పక్క గొర్రెలవారిలో తెలుగు అర్థమయ్యేవారు చాలామంది ఉన్నారు. వచ్చీరాని కన్నడంలో "దారి ఎల్లి అన్నా" అన్నారంటే వారే ముందు నడుస్తారు. పైకి ఎక్కి చూస్తే ఒకవైపు కాలువ క్రింద పచ్చని వరి మళ్ళు, మిరప చేలు. మరొకవైపు వాననే నమ్ముకున్న ఎర్ర, నల్ల నేలలు. నీరు వచ్చినచోటికీ రానిచోటికీ మధ్య గీత గీసినట్లు కనబడుతుంది. మన తాతలు ఎందుకు వచ్చారో పుస్తకం లేకుండా తెలిసే చోటు అది.

ఇక బళ్ళారికి దగ్గరలోనే సంగనకల్లు, కుప్పగల్లు కొండలున్నాయి. నాలుగు వేల సంవత్సరాల క్రిందట అక్కడ మనుష్యులు కాపురమున్నారు. ఇనుము తెలియని కాలం. ఒక కొండమీదుగా నల్లని డోలరైటు రాతి చార ఒకటి పోతుంది. ఆ రాతిని పగులగొట్టి, నూరి, నునుపు చేసి గొడ్డళ్ళు తయారు చేశారు. అక్కడ పెద్ద గొడ్డళ్ళ కార్ఖానాయే నడిచిందని పరిశోధకులు చెబుతున్నారు. 1940వ దశకంలో సుబ్బారావుగారు సంగనకల్లులో త్రవ్వకాలు జరిపి, 1948లో "బళ్ళారి రాతియుగ సంస్కృతులు" అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో గ్రంథం ప్రకటించారు. తరువాతి పరిశోధకులు ఆ మట్టిని జల్లించి మాడిన గింజలు ఏరారు. అవి ఏ గింజలనుకున్నారు? చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు! ఉలవచారు మనతోనే పుట్టిందని గర్వపడే మా బంధువులకు ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మాట రాలేదు.

ఆ కుప్పగల్లు కొండమీద నల్లగుండ్ల నిండా ఎద్దుల బొమ్మలు, మనుష్యుల బొమ్మలు గీటి ఉన్నాయి. కొన్ని గుండ్లకు నున్నని గుంటలున్నాయి. ఆ గుంటలో రాతితో తట్టితే గుండు గంటలాగా మోగుతుంది. ఆనాటివారు కావాలనే వాటిని మోగించేవారని పరిశోధకుల అభిప్రాయం. మీరు వెళితే చెవితో వినే కోరిక ఆపుకొని కంటితో చూసి రండి. వెళ్ళిన ప్రతివాడూ రాయి తీసుకొని కొడితే ఆ గుంటలు, బొమ్మలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? అక్కడ దొరికిన వస్తువులను చూడటానికి బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఒక మ్యూజియం ఉన్నది. ఫుట్‌గారు 19వ శతాబ్దంలో దక్షిణ దేశమంతా తిరిగి రాతియుగపు పనిముట్లను గుర్తించిన భూశాస్త్రజ్ఞుడు.

ఇందాక కుడితిని బూదిదిబ్బ అన్నాను. దానిని బూదికనుమ అని కూడా అంటారు. ఆ పేరు చెవినబడితే మనకు కొత్తగా ఉండదు. ఇట్లాంటి దిబ్బలు ఈ ప్రాంతంలో పలుచోట్ల ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన బూడిద అని జనం చెప్పుకుంటారు. పరిశోధకులు పరీక్ష చేసి చూస్తే అది పశువుల పేడ కాలిన బూడిద అని తేలింది. వేల సంవత్సరాల క్రిందట పశువులను తోలుకొని వచ్చినవారు ఇక్కడ మందలు కట్టి, పోగైన పేడను మళ్ళీ మళ్ళీ కాల్చారు. ఆ బూడిద గుట్టలై నిలిచింది. మన నూజివీడు దారిలోనో, తెనాలి దగ్గరనో ఇట్లాంటిది కనబడదు. ఇది ఈ పొడి నేలల సొత్తు.

ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. మనలో కొందరు పెద్దలు "మనం వలస వచ్చినవాళ్ళం, ఈ కొండలతో, ఈ గుళ్ళతో మనకేం పని" అంటూ ఉంటారు. నేను పైన చెప్పినవారిని ఒకసారి వరుసగా చూడండి. పశువుల మందలతో వచ్చినవారు మేత కొరకు వచ్చారు. సింద రాజులు రాజ్యం కొరకు వచ్చారు. మన తాతలు కాలువ నీటి కొరకు వచ్చారు. ముందు వచ్చినవారు, తరువాత వచ్చినవారు అనేదే తేడా. ఈ కొండల క్రింద ఎవరో ఒకరు ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. వచ్చినవారిలో ఈ నేలను ఎరిగి మసలుకున్నవారి గుర్తులు నిలిచాయి.

తెలుగు సంగతి కూడా అంతే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత అప్పుడు పడింది. అంతకుముందే ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు బళ్ళారిలో ఉండి తెలుగు నాటకాలు వ్రాశారు. 1880లో పుట్టిన బళ్ళారి రాఘవగారు తెలుగులోనూ కన్నడంలోనూ వేషం కట్టి రెండు భాషలవారి చేతా చప్పట్లు కొట్టించుకున్నారు. ఆయన పేరిట బళ్ళారిలో కళామందిరం ఉన్నది. ఆయన తన పేరు ముందు ఈ ఊరిని పెట్టుకొని తిరిగారు. మనం క్యాంపు అనే మాటను పెట్టుకొని తిరుగుతున్నాము.

చూడవలసినవి ఇంకా ఉన్నాయి. బళ్ళారి కొండకోట ఉంది. పైకోట హనుమప్ప నాయకుడు కట్టినది. క్రింది కోట హైదరాలీ కట్టించాడు. ఎదుటి కుంబారగుడ్డ కోటకంటే ఎత్తుగా ఉందని తెలిసి, కట్టిన ఫ్రెంచివాణ్ణి హైదరాలీ ఉరి తీయించాడని కథ చెబుతారు. తుంగభద్ర ఒడ్డున కంప్లి ఉంది. విజయనగరం పుట్టకముందే, 1327లో ఢిల్లీ సేనలకు పడిపోయిన కంపిలి రాజ్యం ఆ గడ్డదే. దరోజి దగ్గర 1994లో ఏర్పరచిన ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. మధ్యాహ్నం తరువాత అక్కడి గోపురం మీద నిలబడితే ఎలుగులు పిల్లలను వీపున మోసుకొని బండల మధ్యనుండి దిగిరావడం చూడవచ్చు. హంపి సంగతి నేను చెప్పనక్కరలేదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా మనం తీసుకుపోయే చోటు అదొక్కటే. 2021లో విజయనగర జిల్లా వేరుపడిన తరువాత అది మన జిల్లాలో లేదు. మిగిలినవి చూడటానికి ఇది కూడా ఒక సాకు అనుకుందాము!

ఇది కేవలం వినోదానికి చెబుతున్న మాట కాదని మీరు గ్రహించే ఉంటారు. ఈ కొండలు ఎప్పటికీ ఉంటాయని మనం ధైర్యంగా ఉన్నాము. సండూరు కొండలను చూడండి. ఇనుప ఖనిజం కొరకు వాటిని ఎట్లా తవ్వారో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలను నిలిపివేయవలసివచ్చింది. కుప్పగల్లు మోగే రాళ్ళను గురించి 2004లో వ్యాసం వ్రాసిన నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు, రాతి క్వారీవల్ల ఆ చోటుకు ముప్పు ఉన్నదని చెప్పారు. 250 కోట్ల సంవత్సరాల కొండను కంకర చేయడానికి కొన్ని నెలలు చాలు. మన ఇళ్ళకు కంకర కావాలి, కాదనను. నేను కూడా ఇల్లు కట్టుకున్నవాణ్ణే. కాని ఏ కొండను కొట్టవచ్చు, ఏ కొండను ముట్టకూడదు అని అడిగే నోరు ఉండాలంటే ఆ కొండ ఎక్కినవారు ఊళ్ళో నలుగురైనా ఉండాలి. ఎన్నడూ చూడని గుట్ట మాయమైతే ఎవరికి తెలుస్తుంది?

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. కార్తికం నుండి మాఘం వరకు మంచి కాలం. చైత్రం, వైశాఖాలలో బండ కాలుతుంది, పోవద్దు. తెల్లవారకముందు, మునిమాపు వేళ గుండ్ల మధ్య తిరగవద్దు. ఎలుగుబంట్లు, చిరుతలు మసలే నేల ఇది. బాగా పొద్దెక్కాక బయలుదేరి, ఎండ ముదిరేలోగా దిగిరండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, కాళ్ళకు పట్టు ఉన్న బూట్లు, తలకు గుడ్డ తప్పనిసరి. ఒంటరిగా పోవద్దు. గుండ్ల సందులలో చేతులు పెట్టవద్దు, పాములుంటాయి. తేనెపట్టు కనబడితే రాయి వేయవద్దు, దాని క్రింద పొగ త్రాగవద్దు. తడిసిన బండమీద అడుగు వేయవద్దు. తీసుకుపోయిన కాగితం, సీసా తిరిగి తీసుకురండి. రాతిమీద పేర్లు వ్రాయవద్దు. చెక్కడపు ముక్కలు కనబడితే ఉన్నచోటనే ఉంచండి. కురుగోడుకు రైలు లేదు గనుక బళ్ళారి నుండి బస్సులో రావచ్చు. దీనికి ఖర్చు ఎంతంటే, మీరు ఒక సినిమాకు పెట్టేదానిలో సగం కూడా కాదు.

ఆడవారికి తీరిక ఎక్కడిది అని మా ఇంట్లోనే అడిగారు. సబబైన ప్రశ్నే. అందుకని ఒక పద్ధతి మనవి చేస్తున్నాను. మనవారు కార్తికంలో ఎట్లాగూ వనభోజనాలకు పోతారు. మామిడితోటలోనో, కాలువ గట్టునో దిగి, వండుకొని, పేకాడి, నిద్రపోయి తిరిగివస్తారు. ఈసారి ఆ వనభోజనం కురుగోడు కొండ క్రింద పెట్టుకుందాము. వంట బరువు మగవారు పంచుకోవాలి. పులిహోర, దద్ధ్యోజనం ఉదయమే సిద్ధం చేసుకొని, ఓపిక ఉన్నవారు కొండ ఎక్కి రావచ్చు, పెద్దలు చాళుక్యుల గుళ్ళ నీడన కూర్చోవచ్చు. మన ఇరుగుపొరుగు కన్నడ కుటుంబాలను కూడా పిలుద్దాము. వారు తెచ్చే జొన్నరొట్టె, ఎణ్ణెగాయి మన పులిహోర పక్కన చేరితే ఎవరికీ నష్టం లేదు. వారి పెద్దలకు ఈ కొండల కథలు మనకంటే ఎక్కువ తెలుసు. పిల్లలు ఆ కథలు విని రెండు భాషలలోనూ వ్రాసుకొని వస్తే, వచ్చే ఉగాది సంచికలో నాలాంటివారి ఉపన్యాసం బదులు అవే అచ్చు వేయవచ్చు.

కార్యదర్శిగారి ఎదుటనే అడుగుతున్నాను. కార్తికంలో ఒక ఆదివారం నిర్ణయించి, పేర్లు వ్రాయించుకోవడానికి ఒక పుస్తకం తెరవండి. నావి, నా భార్యవి, ఇద్దరు పిల్లలవి కలిపి నాలుగు పేర్లు ముందుగా వ్రాసుకోండి.